జీతము కోరని ఆటగాండ్రు

క్రీడాసంఘముల చరిత్రలు సాధారణముగా విజయముల పట్టికలుగా నుండును. ఏ యేట ఏ కప్పు గెలిచిరి, ఎవరిని ఎంత తేడాతో ఓడించిరి, ఎవరెవరు నాయకులుగా నుండిరి అను వివరములతో పుటలు నిండిపోవును. మేము ఈ ప్రసంగమున చెప్పదలచిన సంఘము చరిత్ర అట్టిది కాదు. ఇది ఆస్ట్రేలియా దేశమున మెల్‌బోర్న్ నగరపు విశ్వవిద్యాలయ విద్యార్థులు నెలకొల్పుకొన్న ఫుట్‌బాల్ సంఘము. ఆ రాష్ట్రపు పెద్ద లీగులో ఏడు సంవత్సరములు ఆడి, వరుసగా 51 పోటీలు ఓడి, ఈ సంఘము వెలుపలికి వచ్చినది. ఇన్ని వరుస ఓటములు ఆ లీగు చరిత్రలో మఱి యే జట్టునకును లేవు. అయినను 1859లో పుట్టిన ఈ సంఘము నేటికిని బ్రతికియున్నది. ప్రతి సంవత్సరము చలికాలము రాగానే దాని జట్లు మైదానమున దిగుచునే యున్నవి.

ఇంతగా ఓడిన సంఘము ఎట్లు నిలిచినది? దానికంటె ఎన్నో రెట్లు గెలిచిన సంఘములలో ఒకటి రెండు ఎందుకు నిలువలేకపోయినవి? ఈ ప్రశ్నలకు సమాధానము చాలవరకు ఆ విద్యార్థులు పట్టుకొన్న ఒక్క నియమములో కలదు. ఆటకు డబ్బు పుచ్చుకొనరాదు అనునదే ఆ నియమము.

ముందుగా ఆ ఆట యెట్టిదో కొంచెము చెప్పుట అవసరము. ఫుట్‌బాల్ అనగానే మనకు తోచునది గుండ్రని బంతి, పదకొండుగురు ఆటగాండ్రు, వల కట్టిన గోలు. ఆస్ట్రేలియా వారి ఫుట్‌బాల్ దీనికి భిన్నమైనది. అది క్రికెట్టు మైదానములందు పెరిగిన ఆట యగుటచే మైదానము కోలగా నుండును. బంతియు కోలగానే యుండును. ఒక్కొక్క పక్షమున 18 మంది ఆడుదురు. మైదానమునకు ఇరు కొసలను నాలుగేసి స్తంభములు నాటియుండును. నడిమి రెండు ఎత్తైన స్తంభముల మధ్యనుండి బంతిని తన్నినచో అది గోలు. దానికి ఆరు పాయింట్లు. గురి కొంచెము తప్పి ప్రక్క స్తంభముల మధ్యనుండి పోయినచో ఒక్క పాయింటు మాత్రమే. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చును గాని విసరరాదు. ఒక చేతిలో నుంచుకొని రెండవ చేతి పిడికిలితో కొట్టి తోడి ఆటగానికి అందింపవలెను. తన్నిన బంతిని నేల తాకకముందే గాలిలో పట్టుకొన్నవానికి అడ్డులేకుండ తన్నుకొను హక్కు లభించును. అందుచే ఎదుటివాని భుజములపైకి ఎగిరి బంతిని అందుకొనుట ఈ ఆటలో ప్రేక్షకులు మిక్కిలి మెచ్చు విద్య.

ఈ ఆట పుట్టుక క్రికెట్టుతో ముడిపడియున్నది. 1858 జూలై 10వ తేదీన టామ్ విల్స్ అను క్రికెట్టు క్రీడాకారుడు మెల్‌బోర్న్ పత్రిక యొకదానికి లేఖ వ్రాసి, చలికాలమున క్రికెట్టు లేక దేహములు బద్ధకించిపోవుచున్నవనియు, అందులకొఱకు ఒక ఫుట్‌బాల్ సంఘమును స్థాపింపవలెననియు సూచించెను. ఆ సంవత్సరమే ఆగస్టు 7వ తేదీన నగరములోని రెండు పాఠశాలల బాలురు, ఒక్కొక్క వైపున 40 మంది చొప్పున, రిచ్‌మండ్ పచ్చికబయలులో తలపడిరి. ఆ పోటీ ఒక దినమున తేలక మఱి రెండు శనివారములు సాగెను. మరుసటి సంవత్సరము మే 17న టామ్ విల్స్, మఱి కొందరు మిత్రులు కూర్చుండి పది నియమములు వ్రాసిరి. నేటి ఆటకు ఆ పదియే మూలము.

అదే 1859లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థులును ఫుట్‌బాల్ ప్రారంభించిరి. అప్పటికి ఆ విశ్వవిద్యాలయమే పసికందు. 1853లో స్థాపితమై, 1855లో పాఠములు మొదలుపెట్టినది. విద్యార్థుల సంఖ్య స్వల్పము. ఐనను వారు కట్టిన ఫుట్‌బాల్ సంఘము ప్రపంచమునందలి ప్రాచీన ఫుట్‌బాల్ సంఘములలో ఒకటిగా లెక్కకు వచ్చుచున్నది. నలుపు, నీలము వారి రంగులు. తక్కిన జట్లకు పేటల పేర్లుండగా వీరికి ‘విద్యార్థులు’ అనునదే వాడుకపేరైనది.

ఇక ఆ నియమము సంగతి. ఔత్సాహికులు, వృత్తి కళాకారులు అను భేదము మనకు నాటకరంగమువలన చక్కగా తెలిసినదే. నాటకమే జీవనోపాధిగా గల సమాజములు కొన్ని. పగలెల్ల కచేరీలలోను, బడులలోను పనిచేసి రాత్రులు వేషము కట్టిన సమాజములు మఱి కొన్ని. ఫుట్‌బాల్‌లోను ఇట్టి చీలికయే వచ్చినది. 1877లో విక్టోరియా ఫుట్‌బాల్ అసోసియేషను ఏర్పడిన పిదప పోటీలు పెరిగినవి, జనము పెరిగిరి, గేటువద్ద రాబడి పెరిగినది. ఆటగాండ్రకు డబ్బు ఇయ్యరాదని నిబంధన యుండెను గాని, మంచి ఆటగానిని తమవైపు త్రిప్పుకొనుటకు చాటుగా చేతిలో పెట్టుట ఆగలేదు. ఎనిమిది బలమైన సంఘములు విడివడి 1896లో విక్టోరియా ఫుట్‌బాల్ లీగును స్థాపించి, 1897 నుండి పోటీలు నడిపినవి. నేడు ఆస్ట్రేలియా అంతట వ్యాపించిన మహా లీగు దాని సంతతియే. 1990 నుండి దాని పేరు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగు.

దీనికి సమాంతరముగా 1892లో మఱియొక చిన్న సంఘము వెలసినది. దానిని మెట్రోపాలిటన్ జూనియర్ ఫుట్‌బాల్ అసోసియేషను అనిరి. జూనియర్ అనగా చిన్నపిల్లలదని కాదు, అంతస్తులో చిన్నదని అర్థము. జీతములు లేని ఆట కోరిన జట్లకు అది ఆశ్రయమైనది. కాలక్రమమున దాని పేరులోనే ‘ఔత్సాహిక’ అను మాట చేరి, విక్టోరియా ఔత్సాహిక ఫుట్‌బాల్ అసోసియేషనుగా ప్రసిద్ధి కెక్కినది. విశ్వవిద్యాలయ జట్టు 1885లో పెద్ద అసోసియేషనున చేరి కొలదికాలమే నిలిచి వెలుపలికి వచ్చినది. తరువాత ఈ చిన్న సంఘమున ఆడి మంచి పేరు సంపాదించినది.

ఆ పేరువలననే 1908లో వారికి పెద్ద లీగునుండి పిలుపు వచ్చినది. రిచ్‌మండ్ జట్టుతో పాటు విశ్వవిద్యాలయ జట్టును చేర్చుకొని లీగు పది జట్ల పోటీగా విస్తరించినది. ఎదుట నున్నవారు సామాన్యులు కారు. కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, ఎసెండన్, ఫిట్జ్‌రాయ్ మొదలగు జట్ల వెనుక పేటలకు పేటలే నిలిచియుండెడివి. విద్యార్థుల వెనుక నున్నది విశ్వవిద్యాలయము మాత్రమే. అయినను మొదట వారు తలవంచలేదు. 1910లో పది పోటీలు గెలిచి, పది జట్లలో ఆరవ స్థానమున నిలిచిరి. వైద్యము, న్యాయశాస్త్రము చదువుకొను కుఱ్ఱవాండ్రు శనివారము మధ్యాహ్నము పుస్తకము మూసి వచ్చి మహామహుల నోడించుట నగరమునకు వినోదముగను, వింతగను కన్పట్టినది.

1911లో కథ మలుపు తిరిగినది. చాటుగా జరుగుచున్న దానిని లీగు బాహాటముగా అంగీకరించి, ఆటగాండ్రకు డబ్బు ఇయ్యవచ్చునని తీర్మానించినది. జట్లు ధనము వెచ్చించి ఆటగాండ్రను తెచ్చుకొనసాగినవి. విశ్వవిద్యాలయము మాత్రము తన పద్ధతి మార్చుకొనలేదు. దానికి తోడు వారి ఇబ్బందులు వారి కుండెను. పరీక్షలు సమీపించినచో అభ్యాసము తగ్గును. సెలవులు వచ్చినచో విద్యార్థులు స్వగ్రామములకు పోదురు. నాలుగైదేండ్లు ఆడి ఆట పండు వేళకు ఆటగాడు పట్టము పుచ్చుకొని యే దూరపు టూరి ఆసుపత్రికో వెడలిపోవును. ఇతర జట్లు ఒక ఆటగానిని పదేండ్లు నిలుపుకొనగలవు. ఈ జట్టు ప్రతి యేడును క్రొత్తగా కట్టుకొనవలెను.

ఫలితము వెంటనే కనబడినది. 1911లో ఒక్క విజయము, 1912లో ఒక్క విజయము. ఆపైన 1913లోను, 1914లోను ఒక్కటియు లేదు. మొత్తము ఏడేండ్లలో 126 పోటీలు ఆడి 27 గెలిచిరి, రెండు సమముగా ముగిసినవి, 97 ఓడిరి. అందు చివరి 51 ఓటములు వరుసగా వచ్చినవి. లీగు మొదలైన కాలమున సెయింట్ కిల్డా జట్టు వరుసగా 48 ఓడియుండెను. ఆ అపకీర్తినిగూడ విద్యార్థులే దాటిరి.

ఇచట మేము ఒక మాట గట్టిగా చెప్పదలచితిమి. ఓడుచున్న జట్టు అనగా ఆటరాని జట్టు అని తలపరాదు. రాయ్ పార్క్ అను వైద్యవిద్యార్థి కథయే ఇందుకు నిదర్శనము. ఆయన పొట్టి మనిషి. ఎత్తైన ఆటగాండ్ర నడుమ మెఱుపువలె తిరిగి గోల్సు చేసెడివాడు. 1913లో తన జట్టు ఒక్క పోటీయు గెలువకున్నను, లీగు మొత్తమున ఎక్కువ గోల్సు చేసిన కొలదిమందిలో ఆయన యొకడు. ఆయన క్రికెట్టులోను దిట్ట. 1920-21లో ఇంగ్లండుపై మెల్‌బోర్న్ టెస్టులో ఆస్ట్రేలియా పక్షమున ఆడి, తొలి బంతికే బౌల్డయ్యెను. మఱియొక టెస్టు ఆయనకు లభింపలేదు. ఆ సమయమున ఆయన భార్య అల్లుచున్న ఊలు జారిపడగా వంగి తీసికొనుచుండెననియు, తల యెత్తునప్పటికి భర్త టెస్టు జీవితమే ముగిసిపోయెననియు క్రికెట్టు ప్రియులు నేటికిని చెప్పుకొందురు. ఆయన కూతురును వివాహమాడిన ఇయాన్ జాన్సన్ నాయకత్వముననే ఆస్ట్రేలియా క్రికెట్టు జట్టు 1956లో మన దేశమున తొలిసారి టెస్టులాడినది. మద్రాసులో ఆ ఆట చూచిన పెద్దలకు జాన్సన్ పేరు తెలిసియుండును. ఆయన మామగారి ఫుట్‌బాల్ కథ తెలిసియుండకపోవచ్చును.

ఇదే జట్టున ఆడిన ఆల్బర్ట్ హార్ట్‌కాఫ్ కూడ వైద్యుడే. ఆయనయు ఒకే యొక టెస్టు ఆడెను. కాని 1925 జనవరిలో ఆ టెస్టున 80 పరుగులు తీసెను. ఇట్టివారు గల జట్టు ఏ పేటకు పోయినను సొమ్ము దొరకియుండును. వారు పోలేదు.

ఇచట విద్యార్థుల నియమమును మెచ్చుకొని ఊరకుండుట న్యాయము కాదు. రెండవ పక్షపు వాదమును వినవలెను. కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్ వంటి పేటలలో నాడు నివసించినవారు అధికముగా ఫ్యాక్టరీ కార్మికులు. వారి పిల్లలకు ఆటలో కాలు విరిగినచో ఆ వారము కూలి పోవును. అభ్యాసమునకు వెచ్చించిన గంటలు సంపాదనకు దూరమైన గంటలే. వేలకొలది జనము డబ్బిచ్చి తమ ఆట చూచుచుండగా ఆ డబ్బులో తమకు పాలు వలదనుట వారికి సాధ్యము కాదు. రేపు వైద్యుడో, న్యాయవాదియో కాబోవు యువకునకు జీతము వలదనుట కొంత సులభము. కనుక జీతము పుచ్చుకొన్నవారు లోభులనియు, వలదన్నవారు త్యాగులనియు చెప్పుట సరికాదు. విద్యార్థులు చేసిన పనిలో మెచ్చదగినది మఱియొకటి. వారు ఇతరులను నిందింపక, తమ నియమమును తాము మార్చుకొనక, దాని ఖరీదు ఎంతయో తెలిసియు నాలుగేండ్లు చెల్లించిరి. ప్రతి శనివారము ఓటమి నిశ్చయమని తెలిసియు 18 మంది దుస్తులు ధరించి మైదానమునకు వచ్చిరి.

1914 పోటీలు ముగిసిన పిదప విశ్వవిద్యాలయము లీగునుండి వైదొలగినది. రాయ్ పార్క్ మొదలగు కొందరు మెల్‌బోర్న్ క్లబ్బున చేరిరి. అప్పటికి ఐరోపాలో మహాయుద్ధము ప్రారంభమై యుండెను. ఓటముల లెక్కలు మఱచిపోవునట్టి లెక్కలు రానున్నవి.

1915 ఏప్రిల్ 25వ తేదీ వేకువను ఆస్ట్రేలియా సైనికులు తురుష్కదేశపు గల్లిపోలీ తీరమున దిగిరి. ఆ తొలి దినముననే విశ్వవిద్యాలయ జట్టు ఆటగాడు రూపర్ట్ బాల్ఫ్ నేలకొరిగెను. 1916 జూలై 19న ఫ్రాన్సు దేశమున ఫ్రొమెల్ యుద్ధము జరిగినది. ఆ ఒక్క రాత్రియందు అయిదువేలకు పైగా ఆస్ట్రేలియన్లు మరణించిరి, గాయపడిరి లేక శత్రువులకు చిక్కిరి. మృతులలో రిచర్డ్ గిబ్స్ అను మఱియొక ఆటగాడుండెను. వీరు తుదివారు కారు. నలుపు నీలము చొక్కా తొడిగిన పలువురు ఆ యుద్ధమునుండి తిరిగి రాలేదు. 1916లో పెద్ద లీగునందే నాలుగు జట్లు మాత్రమే ఆడగలిగినవి. ఔత్సాహిక సంఘపు పోటీలు ఆగిపోయినవి.

యుద్ధానంతరము ఆ సంఘము మఱల తలయెత్తినప్పుడు విశ్వవిద్యాలయము పెద్ద లీగు వంక చూడలేదు. ఔత్సాహిక సంఘముననే తన స్థానము వెదకికొన్నది. ఆటగాండ్రు పెరుగగా ఒక జట్టు రెండైనది. నలుపు పేరిట ‘బ్లాక్స్’ అనియు, నీలము పేరిట ‘బ్లూస్’ అనియు రెండు జట్లు వెలసి, విశ్వవిద్యాలయ ఆవరణములోని మైదానముననే ఆడుచు, ఆ సంఘపు మొదటి శ్రేణిలో పలుమార్లు విజేతలైనవి. అన్నదమ్ములవంటి ఈ రెండు జట్లు ఎదురుబడు దినమున ఆ ఆవరణమున సందడి ఇంతింత గాదు.

పెద్ద లీగులో ఓడిన ఈ సంఘము ఆ లీగునకు మేలైన ఆటగాండ్రను ఇచ్చుట మానలేదు. ఇందుకు కార్డ్‌నర్ కుటుంబమే సాక్షి. తండ్రి టెడ్ కార్డ్‌నర్ విశ్వవిద్యాలయ జట్టు కాలమునాటి ఆటగాడు, వైద్యుడు. ఆయన కుమారులు నలుగురును మెల్‌బోర్న్ క్లబ్బు తరఫున ఆడిరి. వారిలో డాన్ కార్డ్‌నర్ కూడ వైద్యుడే. లీగులో ఉత్తమముగను, ధర్మముగను ఆడినవానికి 1924 నుండి బ్రౌన్‌లో పతకము నొసగుచున్నారు. డాన్ 1946లో, జీతము పుచ్చుకొనకుండ ఆడుచునే, ఆ పతకమును గెలుచుకొనెను. తమ్ముడు డెనిస్ కథ ఇంకను చిత్రమైనది. 1948లో ఆయన యూనివర్సిటీ బ్లాక్స్ తరఫున ఔత్సాహిక సంఘమున ఆడుచుండెను. ఆ యేట మెల్‌బోర్న్ జట్టు లీగు ఫైనలుకు రాగా, అన్న డాన్ నాయకత్వమున ఆడుటకు డెనిస్‌కు పిలుపు వచ్చినది. ఆ సంవత్సరము ఆయన లీగులో ఆడిన మొదటి పోటీయే ఫైనలు. అక్టోబరు 2వ తేదీన ఎసెండన్ జట్టుతో జరిగిన ఆ పోటీ 69 పాయింట్ల వద్ద సమముగా ముగిసినది. వారము తరువాత మఱల ఆడగా మెల్‌బోర్న్ 89, ఎసెండన్ 50. ముప్పదినాలుగేండ్ల క్రిందట లీగు విడిచిన సంఘమునుండి వచ్చిన ఆటగాడు లీగు విజేతల జట్టున నిలిచెను. తరువాత మూడేండ్లు, 1951 నుండి 1953 వరకు, ఆయనయే మెల్‌బోర్న్ నాయకుడు.

ఇక చివరి ఘట్టము మఱింత ఆశ్చర్యకరమైనది. విశ్వవిద్యాలయపు మూడవ జట్టు ఒకటి ‘రెడ్స్’ అను పేర ఉండెడిది. కాలక్రమమున అది ఫిట్జ్‌రాయ్ పేటలోని బ్రన్స్‌విక్ వీథి మైదానమునకు తరలి, ‘ఫిట్జ్‌రాయ్ రెడ్స్’ అయినది. ఫిట్జ్‌రాయ్ అనగా లీగును స్థాపించిన ఎనిమిదింటిలో ఒకటి. ఎనిమిదిమార్లు విజేత. విద్యార్థులు ఒక్క పోటీయు గెలువని 1913లో కప్పు గెలిచినది ఆ ఫిట్జ్‌రాయే. కాని ఆట కోట్ల వ్యాపారమైన పిదప ఆ పాత సంఘము అప్పులలో మునిగినది. నూరు సీజన్లు ఆడి, 1996లో లీగునుండి నిష్క్రమించినది. దాని లీగు జట్టు బ్రిస్బేన్ జట్టుతో కలిసిపోయినది. వేలకొలది అభిమానులు తమ యింటి పెద్ద పోయినట్లు దుఃఖించిరి. అయినను ఫిట్జ్‌రాయ్ సంఘము పూర్తిగా అంతరింపలేదు. రెడ్స్‌తో చేయికలిపి 2009 నుండి తన పాత రంగులతో, తన పాత మైదానమున, ఔత్సాహిక సంఘమున ఆడసాగినది. ఒకప్పుడు జీతముల బలమున విద్యార్థుల నోడించిన సంఘమునకు ఆ విద్యార్థుల శాఖయే తుదకు ఇల్లు చూపినది.

నేడు ఈ ఆట పురుషులకే పరిమితము కాదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ మహిళలు 1990 దశకమునుండియే తమ జట్టు కట్టుకొని యాడుచున్నారు. 2017లో మహిళలకొఱకు జాతీయ లీగు వచ్చుటకు ముందు, జీతములు గాని, పత్రికల ప్రశంసలు గాని లేని రోజులలో ఇట్టి జట్లే ఆ ఆటను నిలిపినవి.

ఔత్సాహిక సంఘమున నేటికిని ఆటగాండ్రకు పోటీకింత అని డబ్బు ఇచ్చు పద్ధతి లేదు. ఆటగాండ్రు తామే చందా కట్టుకొందురు. పాత ఆటగాండ్రు వచ్చి గీతలు గీయుదురు, స్తంభములు సవరింతురు, ఆట ముగిసిన పిదప క్రొత్తవారికి తమ నాటి ముచ్చట్లు చెప్పుదురు. చూచువారు కొలదిమందియే. గెలిచినను ఓడినను సోమవారము తెల్లవారుసరికి ఎవరి పనికి వారు పోదురు.

గెలుపు మీదనే ఆధారపడిన సంఘమునకు గెలుపు పోయిన నాడు మిగులునది స్వల్పము. ధనము మీద ఆధారపడిన సంఘమునకు ధనము పోయిన నాడు అసలే మిగులదు. ఆడవలెనను కోరిక మీద నిలిచిన సంఘమునకు ప్రతి యేడును కళాశాలలో క్రొత్తగా చేరు యువకులును, యువతులును ఉన్నంతకాలము లోటు లేదు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ సంఘము పెద్ద లీగులో సాధించినది 27 విజయములు మాత్రమే. అయినను 51 ఓటముల తరువాతను ఆడుటకు మనుష్యులు మిగిలిరి. ఆ సంఘపు చరిత్రలో మాకు తోచిన గొప్ప విజయము అదియే.